ఒక చౌక గ్రాఫిక్స్ కార్డు చరిత్ర

ఒక వస్తువు వెల తగ్గినదని వినగానే మనము సంతోషింతుము. వెలతోపాటు మరేమి తగ్గినదో విచారించువారు అరుదు. కంప్యూటరు తెరపై బొమ్మలను రూపొందించు గ్రాఫిక్స్ కార్డుల చరిత్రలో ఇందుకు చక్కని నిదర్శనము కలదు.

1999 వరకు ఇండ్లలోని కంప్యూటర్లయందు, ఆటలలోని ఆకృతుల స్థానములను, వెలుగునీడలను లెక్కించు భారము ప్రధాన ప్రాసెసరుపైననే ఉండెను. ఆ సంవత్సరమున అమెరికాలోని ఎన్విడియా సంస్థ వెలువరించిన జీఫోర్స్ 256 కార్డు ఆ గణితమును తానే వహించినది. కాని దాని వెల అధికము. 2000 జూన్‌లో అదే సంస్థ జీఫోర్స్-2 ఎం.ఎక్స్.ను విడుదల చేసినది. దీని వెల సుమారు 120 డాలర్లు. అదే తరమునకు చెందిన జీ.టి.ఎస్. కార్డు వెల 300 డాలర్లకు పైమాటే.

వెల ఎట్లు తగ్గెను? తెరపై చుక్కలను సిద్ధపరచు మార్గములు జీ.టి.ఎస్. చిప్పులో 4, ఎం.ఎక్స్.లో 2. రేడియో శ్రోతలకు పరిచితమైన మెగాహెర్ట్జ్‌లలో చెప్పవలెనన్న, చిప్పు వేగము 200 నుండి 175కు తగ్గినది. మెమరీ కూడ చౌక రకమునకు చెందినది. అయినను లెక్కలు కట్టు క్రొత్త నేర్పును తొలగింపలేదు. పైగా ఒకేసారి రెండు తెరలను నడుపు సౌకర్యమును చేర్చిరి. ఇది న్యాయమైన పొదుపని మా అభిప్రాయము.

2001లో వచ్చిన ఎం.ఎక్స్. 200 సంగతి వేరు. చిప్పు వేగము అదే 175. మెమరీయు అనేక కార్డులలో మునుపటివలెనే 32 మెగాబైట్లు. కాని మెమరీకి, చిప్పుకు నడుమగల దారి వెడల్పు 128 బిట్లనుండి 64 బిట్లకు కుదించిరి. సెకనుకు సుమారు 270 కోట్ల బైట్లు నడువవలసినచోట 130 కోట్లు మాత్రమే నడిచెను. తొట్టి అంతే యున్నది, కుళాయి సన్నగిల్లినది! పేరులోని 200 వేగమును తెలుపు అంకెయు కాదు. నిజముగా 200 మెగాహెర్ట్జ్‌లతో నడచినది ఎం.ఎక్స్. 400.

ఈ పద్ధతి అంతటితో ఆగలేదు. 2017లో వెలువడిన జీ.టి. 1030 పేరుతోనే 2018లో వేరొక మెమరీగల కార్డు వచ్చినది. మెమరీ మార్గమున నడచు సమాచారము దానిలో మూడవవంతునకు పడిపోయెను.

కావున మితమైన ఆదాయముగల గృహస్థు పాత కార్డును కొనబోవునప్పుడు పేరును, మెగాబైట్లను మాత్రమే చూచి తృప్తిపడరాదు. మెమరీ రకమెట్టిది, దారి ఎన్ని బిట్లు అని అడుగవలెను. ఆ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మటనే పైకము చెల్లించుట మేలని మా మనవి.