పికప్ తొట్టికి స్ప్రే లైనర్: వేయించే ముందు తెలుసుకోవలసిన సంగతులు

హోసూరు, కృష్ణగిరి వైపు టమోటాలు, పూలు. బళ్ళారి, రాయచూరు వైపు వడ్లు, మిరప. షోలాపూర్‌లో బట్టల మూటలు. బరంపురం, యానాంలో చేపలు, ఐసు. సరుకు ఏదైనా, మనవాళ్లలో ఎన్నో ఇళ్లకు పికప్ బండే జీవనాధారం. ఇంజను బాగానే ఉంటుంది, వెనక తొట్టి మాత్రం ముందే తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. దీనికి స్ప్రే లైనర్ వేయించవచ్చా అని సభ్యులు అడుగుతున్నారు. అందుకే మాకు తెలిసిన సంగతులు ఒకచోట రాసి పెడుతున్నాం. ముందుగా ఒక మాట. లైనర్ తుప్పు రాకుండా కాపాడుతుందే గాని, వచ్చిన తుప్పును నయం చేయదు.

స్ప్రే లైనర్ అంటే

ఇది మామూలు పెయింటు కాదు. రెండు ద్రవాలను కలిపి కొట్టే మందపాటి పూత. ఆరాక గట్టి రబ్బరులా, గరుకుగా ఉండి ఇనుముకు అంటుకుపోతుంది. దీంట్లో పాలీయూరియా, పాలీయురెథేన్ అని రెండు ముఖ్య రకాలు ఉన్నాయి. పెద్ద షాపుల్లో ద్రవాలను వేడి చేసి, ఎక్కువ ఒత్తిడితో మెషీన్ ద్వారా కొడతారు. పూత కొద్ది సెకన్లలోనే గట్టిపడటం మొదలవుతుంది. చిన్న పెయింటింగ్ షాపుల్లో సీసాల కిట్‌ను మామూలు కంప్రెసరు గన్నుతో కొడతారు. అది చాలా పలుచన, తరచుగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రెండింటినీ లైనర్ అనే అంటారు కాబట్టి, ధర అడిగే ముందు ఏ రకమో అడగాలి.

ఎవరికి పనికొస్తుంది

చేపల నీళ్లు, ఉప్పు, కూరగాయల తడి, ఎరువుల బస్తాల నుంచి రాలే పొడి. తొట్టిని తినేసేవి ఇవే. ఇలాంటి సరుకు వేసేవాళ్లకు స్ప్రే లైనర్ మంచిది. బట్టల మూటలు వేసేవాళ్లకు తుప్పు మరక అంటదు, గరుకుతనం వల్ల సరుకు జారదు.

రాళ్లు, ఇటుకలు, ఇనుప సామాను వేసేవాళ్లు తొట్టి సొట్ట పడకూడదని చూస్తారు. ఆ దెబ్బను పూత ఆపలేదు. వాళ్లకు అడుగున గళ్ల ఇనుప రేకు పరిపించుకోవడమే దారి.

విడిగా దొరికే ప్లాస్టిక్ లైనర్‌తో ఒక చిక్కు ఉంది. దాని కిందికి నీళ్లు, దుమ్ము చేరతాయి. బండి కదిలినప్పుడల్లా రాసుకుని పెయింటు పోతుంది, పైకి కనపడకుండా కింద తుప్పు పెరుగుతుంది. రబ్బరు మ్యాటు చవక, తీసి కడుక్కోవచ్చు. ఖర్చు భారం అనుకునేవాళ్లకు అదే చాలు.

అసలు పని స్ప్రేకు ముందే

పూత ఊడిపోయిందంటే చాలావరకు కింద పని సరిగా చేయకపోవడమే కారణం. వరస ఇలా ఉండాలి:

1. చిల్లులుంటే ముందు వెల్డింగు చేయించాలి. పూత వేశాక వెల్డింగు పెడితే అది కాలి విషపు పొగ వస్తుంది.
2. తుప్పును మెరిసే ఇనుము కనపడేదాకా గ్రైండింగు చేయాలి.
3. నూనె, గ్రీజు పూర్తిగా కడిగి తుడవాలి.
4. మిగిలిన పెయింటు మెరుపు పోయేలా కాగితం పట్టాలి.
5. బయటపడిన ఇనుముకు ఆ పూతకు సరిపడే ప్రైమరు వేయాలి.
6. నీళ్లు పోయే రంధ్రాలు, బోల్టులు, వెనక డోరు కీళ్లు టేపుతో మూసి, తర్వాత తెరవాలి. రంధ్రం పూడితే తొట్టి చెరువే.

ప్రైమరు వేసే ముందు మీరు వెళ్లి చూడండి, ఫోటో తీసి పెట్టుకోండి. పూత పడ్డాక కింద ఏముందో ఎవరూ చెప్పలేరు.

మందం లెక్క

ఉదాహరణకు తొట్టి 9 అడుగుల పొడవు, 5.5 అడుగుల వెడల్పు, పక్కలు 1.25 అడుగుల ఎత్తు అనుకుందాం. అడుగు భాగం 49.5 చదరపు అడుగులు, చుట్టూ పక్కలు సుమారు 36. మొత్తం దాదాపు 86 చదరపు అడుగులు, అంటే 8 చదరపు మీటర్లు. అంతటా 3 మిల్లీమీటర్ల పూతకు తొట్టి మీద నిలిచే సరుకే 24 లీటర్లు కావాలి. గాలిలో పోయేది అదనం. 1.5 మిల్లీమీటర్లయితే అందులో సగం చాలు. మోసం జరిగేది ఇక్కడే, ఎందుకంటే తేడా కంటికి తెలియదు. మందం ఎంత, ఎన్ని లీటర్లు వాడతారు అని అడిగి, బిల్లులో రాయించండి. బరువు కూడా సుమారు 25 కిలోలు పెరుగుతుంది. ఆ మేరకు లోడు తగ్గించుకోవాలి.

పనివాళ్ల ఊపిరి

ఈ ద్రవాల్లో ఒకదానిలో ఐసోసైనేట్ ఉంటుంది. దాని తుంపర పీల్చితే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒంటికి పడకపోతే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. ముక్కుకు కట్టిన గుడ్డ దీన్ని ఆపదు. గాలి సరఫరా ఉన్న మాస్కు, చేతి తొడుగులు, కళ్లద్దాలు కావాలి. అవేమీ లేకుండా కుర్రవాడి చేత కొట్టించే షాపుకు బండి ఇవ్వవద్దని మా మనవి. మన పిల్లలు కూడా ఇలాంటి షాపుల్లో పనిచేస్తున్నారు. స్ప్రే జరిగేటప్పుడు మీరూ దూరంగా ఉండండి.

కాగితాలు

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రంగు కూడా ఆర్‌సీలో ఉండే వివరమే. కాబట్టి పూతను తొట్టి లోపలికే పరిమితం చేయండి. బయట కూడా వేయించాలనుకుంటే ముందు బండి రిజిస్టరైన ఆఫీసులోనే అడగాలి. యానాం బండికి కాకినాడలో పని చేయించినా కాగితం పని పుదుచ్చేరి రవాణా శాఖదే. కొత్త బండి అయితే, పెయింటు గీకితే కంపెనీ వారంటీ ఏమవుతుందో డీలరును అడగండి.

షాపువాళ్ల వారంటీ నోటిమాటగా వద్దు. పూత ఊడితే ఎవరి ఖర్చు, ఎన్నాళ్ల వరకు, రంగు వెలిస్తే లెక్కలోకి వస్తుందా అన్నవి రాతలో ఉండాలి. కాగితం కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటే, బడిలో ఆ భాష చదువుతున్న పిల్లల చేత చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

వేయించాక

చేతికి ఆరినట్టు ఉన్నా, లోడు ఎప్పటినుంచి వేయవచ్చో షాపులో అడిగి అన్నాళ్లూ ఆగండి. ఎండకు కొన్ని రకాలు వెలుస్తాయి, అది మామూలే. నల్ల పూత ఎండలో బాగా వేడెక్కుతుంది, పూలు, ఆకుకూరలు వేసేటప్పుడు కింద గోనె పరచండి. పెట్రోలు బంకులో క్యాను నింపేటప్పుడు తొట్టిలో ఉంచి నింపవద్దు, నేల మీద దించి నింపండి. లైనర్ మీద ఉన్న క్యానులో స్థిర విద్యుత్తు చేరి నిప్పురవ్వ పుట్టే ప్రమాదం ఉంది.

చేపలు, ఎరువులు వేసిన రోజు సాయంత్రమే మంచినీళ్లతో కడగండి. వానాకాలం ముందు మూలలు, అంచులు ఒకసారి చూసుకోండి. ఎక్కడైనా చీలితే ఆ చోటు శుభ్రం చేసి, గరుకు చేసి మళ్లీ పూత వేయించవచ్చు. వాయిదా వేస్తే మాత్రం నీళ్లు లోపలికి దిగుతాయి, పూత చాటున తుప్పు పెరుగుతుంది.