అంగవైకల్యం పొందిన జవాన్ల పిల్లలకు ఉచిత విద్య
రాయితీ ఎవరికి? ఉపకార వేతనం ఎవరికి?

సరిహద్దుల్లో పోరాడుతూ కాలో, చెయ్యో, చూపో కోల్పోయిన జవాను ఇల్లు చేరాక ఎదురయ్యే పెద్ద చింత పిల్లల చదువే. పింఛనుతో ఇల్లు గడిచినా కళాశాల రుసుములు భారమవుతాయి. ఈ భారం తగ్గించేందుకు కేంద్ర రక్షణ శాఖ విద్యా రాయితీ పథకాన్ని అమలు చేస్తోంది. అయితే సైన్యంలో ఉండగా వైకల్యం పొందిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ ఇది వర్తించదు. ఆ తేడాను దరఖాస్తుకు ముందే తెలుసుకోవాలి.

లోక్‌సభలో హామీ

ఢాకాలో పాకిస్థాన్ సేనలు లొంగిపోయిన రెండు రోజులకే, 1971 డిసెంబరు 18న ఈ రాయితీని ప్రభుత్వం లోక్‌సభలో ప్రకటించింది. ఆ యుద్ధంలో మరణించిన, గల్లంతైన, శాశ్వత వైకల్యం పొందిన సైనికుల పిల్లలకు మొదటి డిగ్రీ పూర్తయ్యే వరకు బోధన రుసుము ఉండదన్నది దాని సారాంశం. తర్వాత సియాచిన్‌లోని ఆపరేషన్ మేఘదూత్, శ్రీలంకలోని ఆపరేషన్ పవన్‌లలో నష్టపోయిన కుటుంబాలకూ దీనిని విస్తరించారు.

పరిమితి వచ్చింది.. పోయింది

2017లో బోధన, వసతిగృహ రుసుములు కలిపి నెలకు రూ.10 వేలకు మించి చెల్లించరాదని రక్షణ శాఖ పరిమితి విధించింది. వృత్తివిద్యా కోర్సుల్లో చేరిన పిల్లలపై ఇది ప్రభావం చూపింది. దీనిని పునఃపరిశీలించాలని నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా రక్షణ మంత్రికి లేఖ రాశారు. 2018 మార్చిలో ప్రభుత్వం పరిమితిని ఎత్తివేసింది. ప్రభుత్వ, ఎయిడెడ్, సైనిక విద్యాసంస్థలతోపాటు ప్రభుత్వ గుర్తింపు పొందిన కళాశాలల్లో చదివేవారికి రాయితీ వర్తిస్తుంది.

పోరులో కాకపోతే..

విధి నిర్వహణలో ప్రమాదానికి లోనై, లేదా వ్యాధి బారిన పడి వైకల్యంతో వైదొలగిన సైనికుల పిల్లలు ఈ రాయితీ పరిధిలోకి రారు. వైకల్యానికి సైనిక సేవే కారణమని ధ్రువపడితే ప్రధానమంత్రి ఉపకార వేతన పథకంలో వారికి ప్రాధాన్యం ఉంటుంది. 2006-07లో మొదలైన ఈ పథకం కింద 2019-20 నుంచి బాలురకు నెలకు రూ.2,500, బాలికలకు రూ.3,000 చొప్పున నిర్ణయించారు. వృత్తివిద్యలో మొదటి డిగ్రీ చదువుతూ, అర్హత పరీక్షలో కనీసం 60 శాతం మార్కులు పొంది ఉండాలి. కేంద్రీయ సైనిక బోర్డుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి.

సీటు వేరు.. రుసుము వేరు

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ తదితర ప్రవేశాల్లో సైనికోద్యోగుల పిల్లల కోటా (క్యాప్) ఉంది. అది సీటుకే పరిమితం. క్యాప్ కోటాలో చేరినంత మాత్రాన రుసుము మినహాయింపు లభించదు. దానికి విడిగా దరఖాస్తు చేయాలి.

రికార్డు కార్యాలయం ఇచ్చిన పత్రాల్లో వైకల్యానికి కారణంగా ఏమి నమోదైందన్నదే కీలకం. ఆ పత్రాలు, డిశ్చార్జి పుస్తకంతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదిస్తే ఏ పథకం వర్తిస్తుందో తెలుసుకోవచ్చు.