గడియారాలవాళ్ళు, బాంబులవాళ్ళు, ఒక పల్చటి మూతి చేప

అమెరికాలో మనవాళ్ళు కొందరికి ఈమధ్య శనాదివారాల్లో గాలం వేసే సరదా పట్టుకుంది. డాలస్‌లో, బెంటన్‌విల్‌లో ఉన్న స్నేహితులు ఫోన్ చేసి అడిగేది ఒకటే. "క్రాపీకి ఏ రాడ్ కొనాలి బాసూ? నలభై డాలర్లది చాలా, రెండొందలు పెట్టాలా?" దుకాణంలో ప్రతి రాడ్ మీదా "సెన్సిటివ్" అనీ, ప్రతి సెట్టు మీదా "బాలెన్స్‌డ్" అనీ రాసుంటుంది మరి, ఏం ఎంచుకుంటాం? ఈ రెండు మాటల వెనకా రెండొందల ఏళ్ళ కథ ఉంది. నా జవాబు ఎప్పుడూ అక్కణ్ణుంచే మొదలవుతుంది, వినేవాళ్ళకి ఓపికుంటే :)

ముందు చేప సంగతి. పేరు విని నవ్వకండి. క్రాపీ ఉత్తర అమెరికా మంచినీళ్ళ చేప. తెల్లది, నల్లది అని రెండు రకాలు. అరకిలో తూగితే మంచి చేపే. తెల్ల క్రాపీల్లో రికార్డు చేప బరువే 5 పౌండ్ల 3 ఔన్సులు, 1957లో మిసిసిపీలోని ఎనిడ్ దగ్గర పట్టారు. కాబట్టి దీనితో కుస్తీ పట్టేదేం లేదు. చిక్కల్లా రెండుచోట్ల. మూతి చుట్టూ ఉండే పొర ఎంత పల్చనంటే దీనికి "కాగితం మూతి" అనే పేరుంది. గట్టిగా లాగామా, చిరిగిపోతుంది, చేప జారిపోతుంది. రెండోది ఇంకా తమాషా. ఇది చాలాసార్లు కింద నుంచి వచ్చి, ఎరని నోట్లోకి పీల్చుకుని, అలాగే పైకి లేస్తుంది. అప్పుడు చేతికి లాగుడేమీ తెలియదు, ఉన్న బరువు మాయమవుతుంది, అంతే. దీనికి వాడే జిగ్ (సీసపు గుండు ఉన్న చిన్న కొక్కెం) బరువు తరచుగా ఔన్సులో పదహారో వంతు, అంటే రెండు గ్రాములు కూడా లేదు. ఆ రెండు గ్రాములు లేకుండా పోయాయని మీ వేళ్ళకి తెలియాలి. మన భాషలో చెప్పాలంటే సర్వర్ ఎర్రర్ పంపదు, హార్ట్‌బీట్ ఆగిపోతుంది.

ఈ కబురు మోసే మొదటి పనిముట్టు వెదురు గడ. మన చెరువుల దగ్గర వెదురు కర్ర, జీలుగు బెండు, వానపాము ఎలాగో, టెనెసీలో రీల్‌ఫుట్ సరస్సు దగ్గరా అంతే. 1811-12 భూకంపాల్లో నేల కుంగి ఏర్పడ్డ సరస్సు అది, క్రాపీకి పెట్టింది పేరు. (పేరులో రీల్ ఉంది గానీ ఆ రీల్ వేరు.) దారం గడ చివర కట్టి, నీళ్ళలో మునిగిన మొద్దుల మధ్యకి దింపడమే. వెనక బరువు లేదు, మధ్యలో చక్రాలు లేవు. చేపకీ చేతికీ మధ్య ఉన్నది ఒక దారం, ఒక కర్ర.

రీల్ పుట్టింది వేరేవాళ్ళ కోసం. కెంటకీలో పారిస్ అనే చిన్న ఊళ్ళో జార్జ్ స్నైడర్ అని గడియారాలు, వెండి సామాను చేసే ఆయన 1820 ప్రాంతానికల్లా పళ్ళచక్రాల రీల్ తయారుచేశాడు. పిడి ఒకసారి తిప్పితే దారం చుట్టిన కండె అంతకు ఎన్నోరెట్లు తిరుగుతుంది. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీక్ సోదరులు దీన్ని నగలా చెక్కారు. చేత్తో చేసినవి కదా, డబ్బున్నవాళ్ళకే. ఇక రాడ్ సంగతికొస్తే, పెన్సిల్వేనియాలోని ఈస్టన్‌లో శామ్యూల్ ఫిలిప్ అనే తుపాకుల పనివాడు 1840లలో వెదురుని బద్దలుగా చీల్చి, మళ్ళీ అతికించి రాడ్లు చేశాడు. తర్వాత అదే ఆరు బద్దల రాడ్‌గా స్థిరపడింది. రీల్ చేసింది గడియారాలాయన, రాడ్ చేసింది తుపాకులాయన, మధ్యలో ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్ లేదు. ఆ లోటు ఇప్పటికీ తీరలేదని నా అభిప్రాయం, దాని సంగతి చివర్లో.

కెంటకీ రీల్‌తో క్రాపీకి ఉపయోగం తక్కువే. విసిరినప్పుడు ఎర బరువే ఆ కండెని తిప్పాలి. రెండు గ్రాముల ఎర దాన్ని ఏం తిప్పుతుంది? దీనికి విరుగుడు ఇంగ్లండులో ఒక బట్టల మిల్లు యజమానికి తట్టింది. బ్రాడ్‌ఫర్డ్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంట్ తీసుకున్న రీల్‌లో కండె కదలదు. మిల్లులో కండె కొస నుంచి నూలు జారినట్టు దారం దాని అంచు మీదుగా జారిపోతుంది. ఇవాళ మనం స్పిన్నింగ్ రీల్ అంటున్నది దాని సంతతే. అమెరికాలో అది బాగా పాకింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత.

అదే సమయంలో ఓక్లహోమాలోని టల్సాలో ఇంకో కథ. అక్కడ 1932లో పెట్టిన జీరో అవర్ బాంబ్ కంపెనీ పని, చమురు బావుల్లో పేల్చడానికి టైం బాంబులు చేయడం. 1947లో వాళ్ళ దగ్గరికి ఆర్.డి. హల్ అనే టెక్సాస్ ఆయన ఒక రీల్ ఆలోచనతో వచ్చాడు. ఆయనదీ గడియారాల పనే! కిరాణా కొట్లో పొట్లం కట్టేవాడు కదలని ఉండలోంచి పురికొస లాగడం చూసి ఆయనకిది తట్టిందని చెప్పుకుంటారు. 1949లో మొదటి రీల్ వచ్చింది, 1954లో జెబ్కో 33 వచ్చింది, 1956లో కంపెనీ పేరే జెబ్కో అయింది. మూతపెట్టిన రీల్, ఒక మీట నొక్కి విసిరితే చాలు. చిక్కులు పడదు, పిల్లలు కూడా వేసేస్తారు. దీన్ని బొమ్మ అని వెక్కిరించేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. స్నైడర్ వస్తువు జమీందార్లదైతే, హల్ వస్తువు కూలివాళ్ళ పిల్లలది. కాకపోతే నిజం కూడా చెప్పాలి. మూత లోపల దారం రాసుకుంటూ బయటికొస్తుంది కాబట్టి చేతికందే కబురు కాస్త మందగిస్తుంది.

రాడ్‌కీ అదే జరిగింది. మంచి రాడ్లకి వాడే వెదురు పేరుకి టాంకిన్, పెరిగేది చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో. కొరియా యుద్ధం వచ్చి 1950 చివర్లో అమెరికా చైనాతో వ్యాపారం ఆపేసింది, సరుకు రావడం ఆగింది. అప్పటికే ఆర్థర్ హోవాల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త తన విరిగిన వెదురు రాడ్‌ని గాజు నారతో బాగుచేసుకుని, అక్కణ్ణుంచి మొత్తం రాడ్ దాకా వెళ్ళాడు. షేక్‌స్పియర్ కంపెనీ దాన్ని వండర్‌రాడ్ పేరుతో 1940లలోనే అమ్మింది. ఫైబర్‌గ్లాస్ పుచ్చదు, వంకరపోదు, చవక. గెలవడానికి అవి చాలు. చేతికి తెలియడంలో వెదురుని దాటిందని మాత్రం నేననుకోను.

అసలు మార్పు చేపలతో ఏ సంబంధమూ లేని చోట వచ్చింది. 1963లో ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో, విమానాల పరిశోధనా సంస్థలో గట్టి కార్బన్ నార తయారుచేసే పద్ధతి దొరికింది. 1973లో అమెరికాలో ఫెన్విక్ కంపెనీ దాంతో చేసిన రాడ్లు అమ్మకానికి పెట్టింది, "గ్రాఫైట్" అనే పేరుతో. లెక్క చూడండి. గాజు నార గట్టిదనం సుమారు 70 గిగాపాస్కల్, సాంద్రత 2.5. మామూలు కార్బన్ నార 230, సాంద్రత 1.8. ఒకే బరువుకి నాలుగు రెట్లకు పైగా గట్టిదనం. ఆ నిష్పత్తి వర్గమూలంతో పోతుంది కంపనం వేగం, అంటే రెట్టింపు. సెన్సిటివ్ అంటే ఇదే, మంత్రమేం లేదు.

ఆ తర్వాత మార్కెటింగువాళ్ళు దిగారు. ఐఎమ్6 అనేది హెర్క్యులీస్ కంపెనీ తన నారకి పెట్టుకున్న సరుకు పేరు, నాణ్యతకి కొలత కాదు. అయినా రాడ్ మీద ఆ అంకె పెరిగితే రాడ్ మంచిదన్నట్టు అమ్మారు, ఒకప్పుడు ప్రాసెసర్లకి గిగాహెర్ట్జ్ చూపించి అమ్మినట్టే. మరీ గట్టి రాడ్ క్రాపీ మూతి చింపేస్తుంది. వెన్ను గట్టిగా, కొస మెత్తగా ఉండాలి.

ఇక ఆ ఇంటర్‌ఫేస్ లోటు. రాడ్, రీల్ కలిపి 300 గ్రాములనుకోండి. అది మీ చేతికి 10 సెంటీమీటర్ల ముందు తూగుతోందంటే, మణికట్టు ఎప్పుడూ 3000 గ్రామ్-సెంటీమీటర్ల మెలిని ఆపుతూ ఉండాలి. 180 సెంటీమీటర్ల అవతల కొసన వేలాడే జిగ్ మెలి దాదాపు 320. సిగ్నల్‌కి తొమ్మిది రెట్ల భారం మీ చెయ్యి ఊరికే మోస్తోందన్నమాట! రెండొందల డాలర్ల గ్రాఫైట్ కూడా అక్కడ ఓడిపోతుంది.

అందుకే నేను చెప్పేది: ఆరున్నర, ఏడు అడుగుల లైట్ గ్రాఫైట్ రాడ్, 1000 సైజు స్పిన్నింగ్ రీల్, నాలుగు పౌండ్ల లైన్. నలభై డాలర్లది చాలు. కానీ కొట్లోనే రీల్ బిగించి, మీరు పట్టుకునే చోట ఒక వేలి మీద నిలబెట్టి చూడండి. ముక్కు కిందికి వాలితే ఇంకొంచెం బరువున్న రీల్ అడగండి, తేలికది కాదు. పదడుగుల పొడుగు రాడ్లకి ఏ రీల్ పెట్టినా ముక్కు వాలుతుంది. వాటికి పిడి చివర నాలుగు ఇనప వాషర్లు పెట్టి టేపు చుట్టేయడమే.