దంతవైద్యమునకు అడవి యిచ్చిన ద్రవ్యములు

దంతవైద్యమన్న మాట వినఁగానే మనకు నగరములోని తెల్లని గదియు, తళతళలాడు పనిముట్లును, సీసాలలోని మందులును తోఁచును. అవి యన్నియు ఏ దూరదేశపు కర్మాగారములందో పుట్టినవని తలంతుము. కాని కట్టుడుపండ్ల చరిత్రను కొంచెము తఱచి చూచినచో, అందు ఉపయోగపడిన మూఁడు ద్రవ్యములు మా పాల్వంచ, భద్రాచల ప్రాంతములవంటి యడవులలో పుట్టినవే యని తెలియును. అవి మైనము, లక్క, తపసి బంక. ద్రవ్యము గుణములకు ఆశ్రయమని తార్కికులు చెప్పుదురు. ఆ మూఁటి గుణము లెట్టివో, అవి ఎందులకు పనికివచ్చినవో, ఎందులకు పనికిరాకపోయినవో నేఁడు మనవి చేసెదను.

పండ్లకును అడవికిని గల సంబంధము మనకు క్రొత్తది కాదు. పండ్లు తోముపుల్ల పండ్రెండంగుళములు ఉండవలయునని సుశ్రుతుఁడు విధించెను. చేఁదు రుచిగల చెట్లలో వేపను, వగరు రుచిగలవానిలో చండ్రను, తీపి రుచిగలవానిలో ఇప్పను, కారపు రుచిగలవానిలో కానుగను శ్రేష్ఠములని యెంచెను. ఈ నాలుగు చెట్లును కిన్నెరసాని పరిసరములలో నేఁటికిని ఉన్నవి. అయితే ఇవి యున్న పండ్లను కాపాడుకొను సాధనములు. పోయిన పండ్ల స్థానమున వేఱు పండ్లను నిలుపుట మఱియొక విద్య.

ఆ విద్యను శాస్త్రముగా కూర్చినవారిలో ముఖ్యుఁడు ఫ్రాన్సు దేశపు పియేర్ ఫోషార్. ఆయన గ్రంథము 1728లో వెలువడెను. ఆ కాలమున కట్టుడుపండ్లను దంతముతోను ఎముకతోను చెక్కెడివారు. అవి నోటితడికి చెడి దుర్వాసన కొట్టెడివి. 19వ శతాబ్ది మధ్యమున గంధకము కలిపి గట్టిపఱచిన రబ్బరు వచ్చెను. 1937 ప్రాంతమున ఆక్రిలిక్ అను కృత్రిమ పదార్థము వచ్చి, చిగుళ్ల రంగును పోలి, రబ్బరును వెనుకకు నెట్టెను. పలక యే పదార్థముతో చేసినను అది నోటికి సరిగా అమరవలయును. అమరికను ముందుగా చూచుకొనుటకే మైనమును లక్కయు కావలసివచ్చెను.

తేనెమైనము సుమారు 62 మొదలు 65 డిగ్రీల సెంటిగ్రేడు వేఁడికి కరఁగును. అంతకు చాల ముందే మెత్తబడి చేతికి లొంగును. కావున పారఫిన్ మైనముతో దీనిని కలిపి, దవడల కొలతలు తీయుటకును, పండ్లను తాత్కాలికముగా నిలుపుటకును వాడిరి. దీని దోషమును గుణముతోనే పుట్టినది. చల్లారునపుడు మైనము కుంచించును. వంచిన మైనములో వంపు నొప్పని బిగువు నిలిచియుండి, ఆలస్యమైనచో ఆకారము మాఱును. అందుచే మైనపుపనిని నిలువయుంచక ముగింపవలయునని దంతవైద్యులకు బోధింతురు.

లక్క ఒక చిన్ని పురుగు స్రవించు పదార్థము. మన యడవిలో మోదుగు మొదలగు చెట్ల కొమ్మలపై అది పేరుకొనును. శుద్ధిచేసిన లక్క రేకును వేఁడిచేసి, నోటి అచ్చుపై ఒత్తినచో, చల్లారిన పిదప ఆ రూపమున గట్టిపడును. దీనిని పలకకు నమూనాగా పెక్కేండ్లు వాడిరి. కాని అది పెళుసు. నోటి వెచ్చదనమునకు కొంత వంగును. కావున నమూనాకే గాని నిలుకడయైన పలకకు పనికిరాదు.

మూఁడవది తపసి బంక. విదేశవ్యాపారమున దీనిని కరాయా యందురు. ఆకులన్నియు రాల్చి, రాతిగుట్టలపై తెల్లని దేహముతో నిలుచు ఆ చెట్టునకు తపసి యను పేరు చక్కగా ఒప్పినది. 20వ శతాబ్ది తొలినాళ్లలో పారసీకమునుండి వచ్చు ట్రాగకాంత్ బంకకు బదులుగా ఇది ప్రసిద్ధికెక్కెను. నీటిలో వేసినచో వెంటనే కరఁగక, తన పరిమాణమునకు అనేక రెట్లు ఉబ్బి, జిగటయగును. తడిపిన కట్టుడుపలకపై దీని పొడిని చల్లినచో, పలకకును చిగురునకును నడుమనున్న సందును పూరించి పట్టి నిలుపును. పండ్లూడిన వృద్ధులు జంకక నలుగురిలో మాటలాడుటకు ఇది తోడ్పడెను.

అయితే దీనికిని హద్దులున్నవి. వేఁడి పానీయములు త్రాగినచో బంక త్వరగా జాఱిపోవును. తేమ తగిలినపుడు దీనినుండి పుల్లని వాసన వచ్చుట బంక నెఱిఁగినవారికి తెలిసినదే. అది ఆమ్లము. ఆమ్లతను కొలుచు పీహెచ్ మానమున 5.5 కంటె తగ్గినచో పంటిపైనున్న ఎనామిల్ క్షయింప నారంభించును. తపసి బంక ద్రవము ఇంచుమించు 4.5 దగ్గఱ నుండును. పండ్లన్నియు పోయినవారికి ఈ హాని లేదు. కొన్ని పండ్లు మిగిలినవారికి, ఉన్నవానిని చెఱచు భయము కలదు. అందుచే పిదప కార్బాక్సీమిథైల్ సెల్యులోజు మున్నగు కృత్రిమ ద్రవ్యములు దీని స్థానమును చాలవఱకు ఆక్రమించినవి.

ఇంతవఱకు చెప్పినది నోటియందలి గుణదోషములు. ఇఁక చెట్టునొద్దకు వత్తము. గొడ్డలితో లోతుగా నఱికినచో బంక అధికముగా కాఱును, కాని గాయము మానక చెట్టు పుచ్చి చచ్చును. బెరడును మాత్రమే పలుచగా చెక్కి, చెట్టునకు విశ్రాంతి నిచ్చినచో గాయము మూసికొని పెక్కేండ్లు ఫలమిచ్చును. 1956లో విశాఖపట్టణమున స్థాపింపఁబడిన గిరిజన సహకార సంస్థ ఈ బంకను కోయలు మొదలగు వారినుండి కొనుచు వచ్చెను. బెరడుముక్కలు లేని తెల్లని బంకకు ఎక్కువ వెల, నల్లనిదానికి తక్కువ వెల.

నేను పాల్వంచ ప్రాంతమున బోధించిన కాలమున, వేసవిలో తలిదండ్రుల వెంట బంకకు పోవు శిష్యులు కొందఱుండిరి. "పంతులుగారూ, ఈ బంక ఎక్కడికి పోవును?" అని వారిలో నొకఁడు నన్నడిగెను. ఓడలెక్కి దూరదేశములకు పోవుననియు, అచ్చటి ముసలివారి కట్టుడుపండ్లను నిలుపుననియు చెప్పితిని. వాఁడు నవ్వి, "మా తాతకు పండ్లే లేవు గదా!" యనెను. ఆ మాటలో పరిహాసము కొంత, న్యాయము చాల కలదు. బంక తీసిన చేతులవారికి ఆ బంకతో నిలుచు పండ్లు అందలేదు.

కావున శ్రోతలారా, ద్రవ్యమును గుర్తించుట యన్నచో దాని మృదుత్వమును, కాఠిన్యమును, ఆమ్లతను కొలుచుట మాత్రమే కాదు. అది యే చెట్టునుండి వచ్చెనో, ఆ చెట్టు నిలిచెనో లేదో, దానిని తెచ్చినవానికి మరల ఏమి చేరెనో యెఱుఁగవలయును. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, గుట్టలపై తపసి చెట్టును చూచినపుడు బెరడుపై గాయము మానినదో లేదో పరిశీలింపుఁడు. ఆ చెట్టు క్రిందనున్న పల్లెకు దంతవైద్యము చేరినదో లేదో కూడ విచారింపుఁడు. ఈ రెండును కలిసినపుడే ఆ ద్రవ్యముయొక్క చరిత్ర సంపూర్ణమగును.