మన ఊళ్ళ రాళ్ళు చెప్పే చరిత్ర

చరిత్ర అనగానే మన పిల్లలకు ఢిల్లీ, ఆగ్రా, గోలకొండ గుర్తుకు వస్తాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపట్ల దారి పక్కనే నిలబడి యున్న రాళ్ళను మాత్రం ఎవరూ తిరిగి చూడరు. నా చిన్నతనంలో మా వీధి బావి దగ్గర ఒక రాతి పలక వుండేది. ఆడవాళ్ళు దాని మీదే బట్టలు ఉతికేవారు. పలక మీద కత్తి పట్టిన మనిషి, పైన సూర్యచంద్రులు. "ఎవరు దాదీ ఈయన?" అని అడిగితే, "ఎవరో లేరా బేటా, పాతకాలపు రాయి" అనేది. అది వీరగల్లు అని తెలిసేనాటికి ఆ రాయి లేదు. రోడ్డు వేసేటప్పుడు మోరీ కిందికి పోయింది.

వీరగల్లు అంటే యుద్ధంలో చనిపోయిన వాని గుర్తుగా నాటిన రాయి. మడకశిర వైపు హేమావతి రాజధానిగా నొళంబ రాజులు ఏలిన సుమారు వెయ్యి సంవత్సరాల నాటి నుండి ఈ సీమలో ఇటువంటివి నాటుతూ వచ్చారు. సాధారణంగా కింది అరలో పోరాటం, నడిమి అరలో వీరుణ్ణి స్వర్గానికి తీసుకొనిపోయే అప్సరసలు, పై అరలో దైవసన్నిధి వుంటాయి. సూర్యచంద్రులు వున్నంత కాలం ఈ పేరు నిలవాలని వాటిని చెక్కేవారు. అందరూ రాజుల కోసం చచ్చినవారు కారు. పశువులను తోలుకొని పోయే దొంగలకు అడ్డం తిరిగి ప్రాణం విడిచిన మామూలు రైతులూ వున్నారు.

ఇక పెనుకొండ సంగతి. కోట ఉత్తర ద్వారం దగ్గర శక సంవత్సరం 1276 నాటి శాసనం వుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, అనగా 1354. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయలు తన కుమారుడు విరుపణ్ణకు పెనుకొండను అప్పగించిన కాలమది. 1565లో రక్కసి-తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిన తరువాత రాజధాని ఈ పెనుకొండకే వచ్చింది. ఆ పిమ్మట గోలకొండ, బీజాపూరు సైన్యాలు దీని మీదికి వచ్చాయి. ఇంత యుద్ధభూమిలోనే పార్శ్వనాథుని బసది, రామాలయం, ఈశ్వరాలయం, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా నిలిచి వున్నాయి. బాబా ఫక్రుద్దీన్ ఉరుసుకు హిందువులు, ముస్లిములు కలిసే వస్తారు. కోటలు కూలినా ఈ కలయిక కూలలేదు.

మన పెద్దల సమాధుల మీది ఫారసీ రాతలు కూడా చరిత్రే. 786 అనే అంకె అందరికీ తెలుసు గదా! అక్షరాలకు విలువ కట్టి కూడే ఆ పద్ధతిలోనే మరణించిన సంవత్సరాన్ని ఒక వాక్యంలో ఇమిడ్చేవారు. హిజ్రీ సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక శక సంవత్సరంలాగా ఒకే అంకె కలిపితే సరిపోదు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ నేలకొరిగింది హిజ్రీ 1213లో. ఆయన పోయిన మరుసటి ఏడే, 1800లో, మన సీమ నిజాం చేతి నుండి కంపెనీ చేతికి పోయి దత్త మండలాలలో చేరింది.

బ్రిటిష్ వారూ రాళ్ళు నాటారు. 1914లో మొదలైన మహాయుద్ధం ముగిశాక మద్రాసు రాజధానిలోని అనేక గ్రామాలలో, ఈ ఊరి నుండి ఇంతమంది వెళ్ళారు, వారిలో ఇంతమంది మరణించారు అని చిన్న పలకలు పెట్టారు. వాటి మీద అంకెలే గాని పేర్లు లేవు! వెయ్యేండ్ల కిందటి పల్లెటూరి వీరునికి దక్కిన గౌరవం ఆ సిపాయిలకు దక్కలేదు.

కాబట్టి మన సంఘానికి రెండు మనవులు. మొదటిది, రాతలున్న రాళ్ళకు సున్నం గాని, రంగు గాని పూయకండి, పునాదులకు వాడకండి, చోటు మార్చకండి. ఫోటో తీసి, ఎక్కడున్నదో రాసి సంఘానికి ఇవ్వండి. చదవగలవారి చేత చదివించి, పక్కన తెలుగులో ఒక చిన్న బోర్డు పెట్టడానికి పురావస్తు శాఖ వారి అనుమతి అడుగుదాము. రెండవది, మీ ఇంట్లో సైన్యంలో, పోలీసులో పనిచేసినవారు ఎవరైనా వుంటే వారి పేరు, ఊరు, వెళ్ళిన సంవత్సరం ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో ముసలివారు వుండగానే అడిగి రాయండి. మా దాదీని నేను రెండోసారి అడగలేదు. ఆ రాతి మీది మనిషి ఎవరో ఇప్పుడు చెప్పేవారు లేరు.