స్మృతి – పరిసరాలు

ఇంటివద్ద గడగడ అప్పజెప్పిన పాఠం పరీక్ష గదిలో కూర్చోగానే నోటికి రాకపోవడం, తిరిగి ఇల్లు చేరగానే చటుక్కున స్ఫురించడం విద్యార్థులలో చాలమందికి అనుభవమే. ఇంతకూ ఆ పాఠం ఎక్కడికి పోయినట్లు? మరుపు అనగా జ్ఞాపకం చెరిగిపోవడమా, లేక దానిని చేరే దారి మూసుకుపోవడమా? ఈ ప్రశ్నకు మూడు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది.

ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ మానవ జ్ఞానాన్ని గూర్చి రచించిన గ్రంథానికి 1700లో నాలుగవ కూర్పు వెలువడింది. అందులో ఆయన ఒక యువకుని వృత్తాంతం చేర్చాడు. అతడు నృత్యం నేర్చిన గదిలో ఒక పాత పెట్టె ఉండేది. ఆ పెట్టె గాని, అటువంటిదే మరొకటి గాని గదిలో ఉంటేనే అతనికి అడుగులు చక్కగా పడేవట! భావాలు ఒకదానితో ఒకటి ముడిపడతాయనడానికి లాక్ చూపిన ఉదాహరణ ఇది.

స్మృతిని ప్రయోగాలతో కొలిచిన తొలి శాస్త్రజ్ఞుడు జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్. అర్థంలేని అక్షర సముదాయాలను తానే వల్లెవేసి, ఎంత కాలంలో ఎంత మరపు వస్తుందో లెక్కించి, 1885లో ప్రకటించాడు. లెక్కలు తారుమారు కాకుండా పరిసరాలను వీలైనంతవరకు మారనీయలేదు. ఆయన ఇట్లు పక్కకు పెట్టిన పరిసరాలనే తరువాతివారు పరిశోధనకు వస్తువు చేసుకున్నారు.

వాటిలో ప్రసిద్ధమైనది గాడెన్, బాడ్లీ అనే ఇద్దరు 1975లో ప్రకటించిన ప్రయోగం. స్కాట్లండులోని ఓబన్ సమీపాన 16 మంది గజఈతగాళ్లకు 36 మాటలు వినిపించారు. కొన్నిసార్లు ఒడ్డున, కొన్నిసార్లు 20 అడుగుల నీటి అడుగున. ఒడ్డున విని ఒడ్డుననే అడిగితే సగటున 13.5 మాటలు చెప్పారు; నీటి అడుగున అడిగితే 8.6 మాత్రమే. నీటిలో విన్నవాటిని నీటిలో 11.4, ఒడ్డున 8.4 చెప్పగలిగారు. అయితే 1980లో వారే మాటలను చూపి, “ఇది విన్నదేనా?” అని అడిగినప్పుడు స్థలభేదం ప్రభావం చూపలేదు. అనగా మాటలు చెరిగిపోలేదు. దారి మాత్రమే తప్పింది.

మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం సంఘటనను, అది జరిగిన చోటును జతపరుస్తుంది. ఎలుక ఒక నిర్దిష్ట స్థలానికి చేరినప్పుడు ఉత్తేజం పొందే కణాలు అందులో ఉన్నవని 1971లో ఓకీఫ్, దోస్త్రోవ్‌స్కీ తెలిపారు. ఈ కృషికి 2014లో నోబెల్ బహుమతి పొందినవారిలో ఓకీఫ్ ఒకడు.

అయితే దీనిని అతిశయించి చెప్పరాదు. అనేక ప్రయోగాలను 2001లో సమీక్షించగా స్థలప్రభావం నిజమే గాని స్వల్పమని తేలింది. గజఈతగాళ్ల ప్రయోగాన్ని తిరిగి చేసి 2021లో ప్రకటించినవారికి ఆ తేడా కనబడనేలేదు.

విద్యార్థులకు ఉపయోగపడే ఫలితాలు మరి రెండున్నవి. ఒకే గదిలో రెండుసార్లు చదివినవారికంటె, రెండు వేరు గదులలో చదివినవారు మూడవచోట ఎక్కువ మాటలు చెప్పగలిగారని స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ 1978లో చూపారు. నేర్చిన గదిని మనసులో ఊహించుకొన్నా జ్ఞాపకం తిరిగి వస్తుందని మరుసటి ఏడు స్మిత్ చూపాడు.

కనుక పాఠాన్ని ఇంట, బడిలో, చెట్టునీడన చదవడం మంచిది. జవాబు తోచక నిలబడిన విద్యార్థిని మందబుద్ధి అని తేల్చేముందు, ఉపాధ్యాయుడు ఒక చిన్న సూచన అందించి చూడాలి. జ్ఞాపకం లోపలనే ఉండి, దారి కొరకు ఎదురుచూస్తూ ఉండవచ్చు.