నాగతిరాజు వెన్ను చూపిన వేళ

రామప్ప గుడి దగ్గరి పాలంపేట శాసనంలో ఓడిపోయిన రాజు పేరొకటి ఉంది: నాగతి. 1213లో, గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడి ప్రతాపాన్ని పొగుడుతూ సంస్కృతంలో చెక్కించిన ప్రశస్తి అది. రుద్రుడి ధాటికి నాగతి పారిపోయాడట. ఎటు పోయాడు, వెంట ఎవరు మిగిలారు, ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నాడు? గెలిచినవాడి కవికి అవన్నీ ఎందుకు! పరుగు ఒక్కటే చాలు.

ఆ పరుగుతో మూడు వందల ఏళ్లకు పైబడిన వంశం చరిత్రలోంచి జారిపోయింది. ఖమ్మం పక్కనున్న ముదిగొండ వాళ్ల రాజధాని. అందుకే చరిత్రకారులు వాళ్లను ముదిగొండ చాళుక్యులంటారు. మూలపురుషులు కొక్కిరాజు, రణమర్దుడు అనే అన్నదమ్ములు. పెద్ద రాజులేం కారు. తూర్పున వేంగి, పడమట రాష్ట్రకూటులు, నడుమ వీళ్ల సీమ. ఏ సైన్యం ఎటు కదిలినా తొక్కిసలాట వీళ్ల పొలాల్లోనే. అయినా మొదటి నుంచీ వేంగి కొమ్మే పట్టుకున్నారు.

ఆ విధేయతకు సాక్ష్యం కొరవి శాసనం. రణమర్దుడి వంశపు కుసుమాయుధుడు వేంగి రాజు చాళుక్య భీముడి పక్షాన నిలిచిన సంగతి అందులో ఉంది. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు గద్య శాసనాల్లో అదొకటి. నాకు ఇక్కడే మనసు కలుక్కుమంటుంది. వీళ్లు తమ మాట తెలుగులో రాయించుకుంటున్న రోజుల్లో కాకతీయుల పూర్వీకులు ఇంకా రాష్ట్రకూటుల కింద సేనానులు. అంటే రెండు ఇళ్లూ అప్పటికే ఎదురెదురు శిబిరాలు.

తర్వాత కాలం తిరగబడింది. రాష్ట్రకూటులు కూలారు, వేంగి చోళుల చేతికి పోయింది, అండ పోయిన ముదిగొండ మాత్రం ఉన్నచోటే మిగిలింది. ఒకప్పటి సేనానుల వారసులు ఓరుగల్లులో సింహాసనం వేసుకున్నారు. 12వ శతాబ్దం చివర్లో యాదవులతో పోరులో కాకతి మహాదేవుడు చనిపోయాడు, కొడుకు గణపతిదేవుడు బందీ అయ్యాడు. ఓరుగల్లు అల్లకల్లోలమైంది. ఆ గడ్డురోజుల్లో రాజ్యాన్ని నిలబెట్టినవాడు రేచర్ల రుద్రుడే. నాగతి తల ఎత్తడానికి అదే అదననుకున్నాడేమో. అనుకుంటే తప్పేముంది? అండ పోగొట్టుకున్నవాడు పక్కింటి తలుపు ఊగితే చూడడా?

రుద్రుడి గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. నీళ్లలో తేలే ఇటుకల గురించి దేశమంతా చెప్పుకుంది. నాగతి ఊసు ఎవరెత్తారు?

విచిత్రమేమిటంటే, ముదిగొండ పొరుగునే ఉన్న నేలకొండపల్లి దిబ్బలకు జనం విరాటరాజును, కీచకుణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. నిజానికి అక్కడ బయటపడింది బౌద్ధ స్తూపం. భారతంలో ఉన్న రాజుకు దిబ్బ దొరికింది, ఈ నేలను నిజంగా ఏలినవాళ్లకు కథ కూడా దొరకలేదు. ఖమ్మం ఖిల్లాకున్న పేరులో వీసమెత్తు కూడా ముదిగొండకు రాలేదు.

ఇప్పటివాళ్లకు ముదిగొండ అంటే 2007 జూలై 28. భూమి కోసం సాగిన ఉద్యమంలో పోలీసుల తూటాలకు మనుషులు నేలకొరిగిన రోజు. ఏటా ఆ తేదీన వాళ్లను తలుచుకుంటారు. నాగతి పారిపోయిన తిథిని మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.